మా కుంట చేపల పథ్యం

నేను బీఎస్సీ పాసయ్యానన్న సంగతి ఆ రోజు నంద్యాల బస్సు డ్రైవరుకు తెలుసు, కండక్టరుకు తెలుసు, పక్కసీట్లో కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయనకూ తెలుసు. ఆళ్లగడ్డలో దిగేసరికి పుంజుకు కూడా తెలిసే ఉంటుంది. అంతగా చెప్పాను మరి. మా వంశంలో జేజినాయన దాకా అందరివీ వేలిముద్రలే. మా నాయన దగ్గరికొచ్చేసరికి ఒక వంకర సంతకం. ఆ తర్వాత ఒక్కసారిగా నేను, పేరు వెనక మూడు అక్షరాలు తగిలించుకుని. ఎనభైల మొదట్లో మా ఊళ్లో ఆడపిల్ల ఆ పని చేయడం నిజంగానే వార్త.

ఆళ్లగడ్డ నుంచి మా ఊరికి రెండు మైళ్లు నడక. నడక అనకూడదు, నేను పరిగెత్తాను. నాయన కుంట గట్టు మీద ఉన్నాడు.

"నాయనా! పాసైనా!"

"మంచిదే. ఆ పక్క కాలు పెట్టొద్దు, జారుతాది."

అంతే అన్నాడు. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు రోజూ వచ్చే అడ్డదారి వదిలేసి, ఊరంతా చుట్టి, మూడు అరుగుల దగ్గర ఆగి వచ్చాడు. ఒక్కో అరుగు దగ్గర "మా పాప ఈ పొద్దే వచ్చింది" అని మొదలుపెట్టి, వాళ్లు అడిగేదాకా ఆగి, అడిగాక చెప్పాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి వాకిట్లో ఒక రోగమొచ్చిన కోడి, ఒక కుంటే మేక, గొంతు వాచిన బర్రె. జంతువుల చదువు చదివింది గదా, చూసి మందిస్తుందని. కాలేజీలో మాకు నేర్పింది కప్పను కోయడం. కోసిన కప్పను మళ్లీ గెంతించడం సిలబస్‌లో లేదు. ఆ మాట చెబితే బర్రె ఆయన "మూడేండ్లు దానికేనా పాపా?" అని జాలిపడి, బర్రెను తోలుకుపోయాడు.

ఇక కుంట సంగతి. మా పొలంలో ఒక పల్లపు చెక్క ఉండేది. కాలువ ఊట దిగి ఏడాదంతా బురదే. అందులో వరి వేస్తే కుళ్లేది, జొన్న వేస్తే మునిగేది. జీపులో ఊళ్లు తిరిగే ఒక చేపల ఆఫీసరు అది చూసి, కట్ట వేయండి, పిల్లలిస్తాం, బొచ్చెలూ రోహులూ పెంచుకోండి అన్నాడు. నాయన కట్ట వేశాడు. చేపపిల్లలు ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. ఊరు ఊరంతా వచ్చి చూసింది.

పొలం మా నాయనకూ చిన్నాయనకూ ఉమ్మడి. చిన్నాయనకు చేపలంటే ప్రాణం, కంచంలో ఉన్నంతవరకు.

"ఏటిలో ఉండేవి ఏటిలో ఉండాల. మడిలో చేపలేందిప్పా? రేపు చెరువులో బర్రెల్ని పెంచుతావా?" అనేవాడు.

నాయన నాకంటే తొందరమనిషి. "మా పాప చదువుకున్నాది అదే. అది చూసుకుంటాది" అనేశాడు.

"సరే. పందెం" అన్నాడు చిన్నాయన. "చేపలు బతికి వలకొస్తే చిన్నదాన్ని గూడా నంద్యాల కాలేజీకి పంపుదాం, నేను అడ్డం రాను. సచ్చినాయా, కట్ట కొట్టేసి మల్ల వరే పెడ్దాం, కుళ్లినా సరే. చిన్నది ఇంట్లో కూసోని మిషన్ కుట్టేది నేర్చుకుంటాది. చేపల్నే బతికించని చదువు ఇంటికి ఒకటి సాలు."

"సరే" అన్నాడు నాయన.

నన్నెవరూ అడగలేదు. చిన్నదాన్ని, అంటే మా చెల్లెల్ని, అసలే అడగలేదు. అప్పుడది ఇంటర్ రెండో ఏడు. నాకంటే తెలివైనది, నోరు నాకు రెండింతలు. పందెం సంగతి విని గట్టు మీదికొచ్చి, నీళ్లలోకి తొంగిచూసి, "అయితే అక్కా, నా కాలేజీ ఈ నీళ్లలో ఈత కొడ్తాందన్నమాట" అంది.

క్రిస్మస్ అయిన వారానికి ఆ కాలేజీకి జబ్బు చేసింది. చలి ముదిరింది. చేపలు మేతకు రావడం తగ్గించాయి. పొట్ట మీద ఎర్రటి మచ్చలు, మచ్చల చోట పొలుసు ఊడి పుండ్లు. రోజూ పొద్దున రెండో మూడో తేలేవి. చెల్లెలు గట్టు మీద నిలబడి, "ఈ పొద్దు ఫిజిక్సు పోయింది, కెమిస్ట్రీ పోయింది" అని లెక్క చెప్పేది.

ఒక చేపను ఇంటికి తెచ్చి, రోలు పక్కన బండ మీద పెట్టి, కత్తిపీటతో శాస్త్రప్రకారం కోశాను. ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుండగా నేను కోసిన మొదటి జీవి అదే. మా అమ్మ చట్టి పట్టుకుని వెనకే నిలబడింది.

"కోసినావు గదా, ఇంగ పులుసు పెట్టేదా?"

"అమ్మా, ఇది రోగమొచ్చిన చేప!"

"మల్ల ఎందుకు కోసినావ్?"

మరుసటిరోజు నంద్యాల బస్సెక్కి మా జువాలజీ మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. అంతా విని, ల్యాబులో సీసాల వైపు చూసి, "మా దగ్గరున్న చేపలకు ఇరవై ఏళ్లుగా ఏ రోగమూ రాలేదమ్మా, ఫార్మలిన్ మహిమ" అన్నారు. తర్వాత నవ్వు ఆపి చెప్పారు. కుంటలో సున్నం చల్లు. పాత నీళ్లు కొంచెం తీసి కొత్త నీళ్లు పెట్టు. మేతలో వెల్లుల్లి, పసుపు లాంటివి కలిపితే చేపకు ఒంట్లో శక్తి పెరుగుతుందని కొందరంటున్నారు.

"అది మాత్రం ఊరికే నమ్మకు, పరీక్షించు. కుంటను రెండు చేయి. ఒక పక్క చేపలకు మందు మేత, రెండో పక్క వాటికి మామూలు మేత. మిగతాదంతా రెండు పక్కలా ఒకటే ఉండాలి. అప్పుడే తేడా తెలుస్తుంది. ఆ తేడాయే సైన్సు."

ఆ తేడాను ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను. సున్నం చల్లించాను. కాలువ నీళ్లు మళ్లించాం. కుంట నడుమ బొంగులు పాతి వల కట్టి రెండు భాగాలు చేశాం. మేత పెట్టే పద్ధతి ఆఫీసరు నేర్పిందే. ఎరువు సంచికి అడుగున చిల్లులు పొడిచి, అందులో తవుడూ నూనె తీసిన చెనక్కాయ చెక్కా కలిపి నింపి, బొంగుకు కట్టి నీళ్లలోకి వేలాడదీస్తే, చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతులు పెట్టి తింటాయి. ఇటు ఒక సంచి, అటు ఒక సంచి. నోటుబుక్కులో నడుమ గీత కొట్టి కుడి, ఎడమ అని రాసుకున్నాను. ఆ గీత ఎంత బాగా వచ్చిందో ఇప్పటికీ గుర్తు.

వెల్లుల్లి, అంటే మా తెల్లగడ్డలు, కొనడానికి ఆళ్లగడ్డలో సెట్టిగారి అంగడికి పోయాను.

"ఇన్ని తెల్లగడ్డలా? ఏం పాపా, ఇంట్లో పెండ్లా?"

"కాదు సెట్టిగారూ, చేపలకు."

"ఓహో, పులుసుకా. మేము తినం గానీ, పులుసుకు ఇన్నెందుకు?"

"పులుసుకు కాదు. చేపలు తినేకి."

సెట్టిగారు తక్కెడ దించేశారు. "బతికుండంగానే మసాలా ఎక్కిస్తాండారా! ఏం చదువులప్పా!" అని పక్క అంగడాయనను పిలిచి మరీ చెప్పారు. నాకైతే గర్వంగానే ఉంది.

మందు నూరి సంచుల్లో నింపే పని మా జేజిది. ఆమె మా నాయనకు తల్లి. ఊళ్లో బిడ్డలకు కడుపు నొప్పన్నా, కోళ్లకు తెగులన్నా ముందు ఆమె రోలే మోగేది. తెల్లగడ్డలూ పసుపూ అని నేను చెప్పింది విని, "వేపాకు లేకుండా అదేం మందు?" అని ఒక బుట్టెడు వేపాకు వేసి నూరింది. చేపలు చిల్లుల దాకా వచ్చి, మూతి పెట్టి, వెనక్కి తిరిగి పోయాయి. "చేదు గదా, బిడ్డలు తినవు" అని జేజి మర్నాడు బెల్లం కలిపింది. ఈసారి బొంగు మీదుగా చీమలు వరస కట్టి సంచి పైనుంచి దిగాయి. రెండు రోజులు మా కుంటలో బాగుపడింది చీమలే. మూడో రోజు నేను గట్టిగా మాట్లాడి వేపాకూ బెల్లమూ రెండూ తీయించాను. ఉత్త తెల్లగడ్డలూ పసుపూ. చేపలు తిన్నాయి! గట్టంతా ఒకటే వాసన. దావన పోయేవాళ్లు ముక్కులెగరేసి, "యాడప్పా తాలింపు?" అని అడిగి, కుంటలో అని తెలిసి నిలబడిపోయేవారు.

అంతా దారిలో పడిందనుకుంటుంటే ఆ మధ్యాహ్నం జేజి నన్ను పిలిచింది.

"మందు సరే. పథ్యం సంగతేంది?"

"చేపలకు పథ్యమేంది జేజీ?"

"పథ్యం లేకుండా మందు ఎట్ల పని చేస్తాదమ్మే? ఏం చదివినావ్ నువ్వు?"

"అయితే చేపల్ని చింతపులుసు తినొద్దని చెప్దామా?"

"ఎగతాళి చాలించు. పాలు తాగే బిడ్డకు మందేస్తే పథ్యం ఎవురుంటారు? బిడ్డా?"

"తల్లి."

"మల్ల? ఈ చేపలకు మేత పెట్టేదెవురు?"

మేత పెట్టేది మేము. ఆ పూట నుంచి ఇంట్లో చింతపండు కట్. గోంగూర, వంకాయ, నీచు అన్నీ కట్. ఇరవై ఒక్క రోజులు జొన్నరొట్టె, పెసరపప్పు. నాయన పెట్టింది తిన్నాడు. అమ్మకు వంట తగ్గింది, సంతోషం. చిన్నాయన మాత్రం కంచం ముందు నుంచి లేచాడు.

"నాకెందుకు పథ్యం? నేనేమన్నా మేత పెట్టినానా? అవి సస్తే బాగుండని చూస్తాండేటోన్ని నేను!"

"కుంటలో సగం నీదేనంటివే? మల్ల పథ్యంలో సగం యాడికి పోతాది? కూసో" అంది జేజి.

కూర్చున్నాడు.

ఆదివారం నాయన చర్చిలో పాస్టరు అయ్యగారిని చేపల కోసం ప్రార్థన చేయమని అడిగాడు. అయ్యగారు మంచివారు. చేపలని విడిగా అనకుండా "ఈ బిడ్డల కష్టార్జితాన్ని" అని ప్రార్థించి, యేసు ఐదు రొట్టెలు రెండు చేపలతో ఐదువేలమందికి పెట్టిన వాక్యం చదివారు. బయటికొచ్చాక చిన్నాయన, "ఇంటికాడ రొట్టెలకు తక్కువ లేదు. ఆ రెండు చేపలు మిగుల్తాయో లేదో అదే అనుమానం" అన్నాడు.

పథ్యం మొదలైన ఎనిమిదో రోజు పొద్దున నాలుగు చేపలు తేలాయి. అంతకుముందు మూడు రోజులు ఒక్కటీ పోలేదు. చెల్లెలు లెక్క చెప్పలేదు. గట్టు మీద కూర్చుని గడ్డి పీకుతూ, "మిషన్‌కు కాళ్లతో తొక్కేది నయమా, చేత్తో తిప్పేది నయమా అక్కా?" అని అడిగింది. ఆ మాటలో నవ్వు లేదు.

జేజికి మాత్రం ఏ అనుమానమూ లేదు.

"ఎవురో పథ్యం తప్పినారు. అందరూ చేతులు చూపండి."

వాకిట్లో వరసగా నిలబెట్టింది. నాయన చెయ్యి వాసన చూసింది, దాటింది. అమ్మ, నేను, చెల్లెలు దాటాం. చిన్నాయన దగ్గర ఆగింది. ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. లాగి వాసన చూసి కళ్లు మూసుకుంది.

"బోటి. నిన్న మధ్యాన్నం. ఆళ్లగడ్డ హోటల్లో."

హోటలు కూడా చెప్పగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

"ఒక్క ప్లేటే గదమ్మా..."

"నాలుగు ప్రాణాలు తింటివి గదరా!"

"నేను తినింది మేకది! చేపలెట్ల సస్తాయి?"

"అదే అడుగుతాండా. ఎట్ల సచ్చినాయి, చెప్పు?"

నేను ఆ క్షణంలో ముందుకొచ్చి, మనిషి తిన్న బోటికూరకూ చేప పొట్ట మీది పుండుకూ సంబంధం లేదని చెప్పాల్సింది. బీఎస్సీ పట్టా ఉన్నది అందుకే. నోరు తెరిచాను కూడా. చెల్లెలు నా కాలు తొక్కింది. అప్పుడు నాకూ వెలిగింది. నిన్నటిదాకా చేపలు చస్తే తప్పు నా చదువుది. ఈ పొద్దు నుంచి తప్పు చిన్నాయన నాలుకది. నోరు మూసుకున్నాను. సైన్సుకు నేను చేసిన మొదటి ద్రోహం అది. కొంచెం సంతోషంగానే చేశాను.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. "ఏంప్పా, నువ్వు బోటి తింటే చేపలు సస్తాండాయంటనే?" అని ఎదురైన ప్రతివాడూ అడగడమే. చిన్నాయన రోషగాడు. ఆ రోజు నుంచి ఆయన పట్టిన పథ్యం ఏ బాలింతా పట్టి ఉండదు. పప్పులో ఉప్పు కూడా తగ్గించమన్నాడు. పొద్దున్నే నాకంటే ముందు కుంట దగ్గరుండేవాడు. చచ్చినవి లేకపోతే, "చూసినావా? ఎవురి వల్ల?" అని నన్నే అడిగేవాడు. మా నాయన ఒకరోజు మజ్జిగలో ఊరగాయ ముక్క నంచుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నా, నీకు బుద్ధుందా? చేపల గతేంది?"

కొత్త నీళ్లు పారుతూనే ఉన్నాయి. చలి కూడా తగ్గుముఖం పట్టింది. చేపలు తేలడం ఆగింది. ఇరవై రెండో రోజు పథ్యం విడుపు. ఆ రోజే వల. కుందూ ఏటిలో చేపలు పట్టే ఒకాయనను పిలిపించాం. ఊళ్లో సగంమంది గట్టు మీదే ఉన్నారు. నేను నోటుబుక్కు తెరిచి, కుడి ఎడమల నడుమ నా అందమైన గీత చూసుకుని, పెన్సిలు చెక్కుకున్నాను.

ముందు కుడివైపు, మందు తిన్న పక్క. వల దగ్గరికి లాగేసరికి నీళ్లు ఉడుకుతున్నట్టు ఎగిరాయి. ఒక్కొక్కటీ పట్టి చూశాను. పుండ్లు మానాయి, మచ్చలు వెలిసిపోయాయి. నాకు గట్టుమీదే గంతులేయాలనిపించింది. ఇక మందు తినని ఎడమవైపు. అక్కడ సగమన్నా చచ్చి ఉండాలి, కనీసం పుండ్లన్నా ఉండాలి. వల లాగారు. అవీ అట్లాగే ఎగిరాయి. అవీ అంతే శుభ్రంగా ఉన్నాయి. ఒక బొచ్చె అయితే కుడివైపు వాటికంటే బలిసి ఉంది.

అందరూ కేకలేస్తున్నారు. నేనొక్కదాన్నే పెన్సిలు పట్టుకుని ఏడుపు మొహం పెట్టాను. బలిసిన బొచ్చెను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. చేపకు చేప వాసనే వచ్చింది. ఎడమవైపు సంచి పైకి లాగి వాసన చూశాను.

తెల్లగడ్డలు.

"జేజీ!"

జేజి కొంగు సర్దుకుంది. "ఏందే అరుస్తావ్?"

"ఈ పక్క వాటికి గూడా పెట్టినావా మందు?"

"పెట్టనా మల్ల?"

"పెట్టొద్దని చెప్పినా గదా! తేడా చూసేకి గదా ఆ వల కట్టింది!"

"ఏం తేడా? ఒక బంతిలో కూసోబెట్టి ఈ పక్కోళ్లకు వడ్డించి, ఆ పక్కోళ్లను సూస్తా కూసోమంటావా? వల చాటున అవి వీటి మూతుల కల్లే చూస్తాంటే నాకు కడుపు తరుక్కపాయె. మొదటి రోజు నుంచి పెడ్తాండా. చదివినోళ్లకు బంతి మర్యాద గూడా తెలీకపోతే ఎట్లమ్మే?"

గట్టు మీదున్న వాళ్లంతా జేజి పక్షమే. భోజనాల దగ్గర వరసలో ఒకరికి వేసి ఒకరికి వేయకపోవడం మా ఊళ్లో ఎంత పెద్ద తప్పో మా మాస్టారికి తెలియదు, అందుకే అలాంటి పరీక్ష చెప్పారు. ఎడమ పక్క అన్నదే లేకపోయాక నా సైన్సు ఏముంది? సున్నం పని చేసిందా, కొత్త నీళ్లా, తెల్లగడ్డలా, పసుపా, చలి తగ్గడమా, అయ్యగారి ప్రార్థనా? ఈ రోజుకూ నేను చెప్పలేను. ఎవరైనా అడిగితే తెల్లగడ్డలు చెడు చేయలేదని మాత్రం చెబుతాను.

చిన్నాయనకు మాత్రం ఏ సందేహమూ లేదు. గట్టు మీద ఎత్తుగా ఉన్నచోట నిలబడి, రెండు చేతుల్లో రెండు చేపలు ఎత్తి, ఊరందరికీ వినబడేట్టు అరిచాడు.

"చూడండిప్పా! బతికినాయి! నా పథ్యం! పద్నాలుగు దినాలు నాలుక కోసుకున్నా!"

ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా చెల్లెలు ఓపిగ్గా ఆగింది. అప్పుడు ముందుకొచ్చింది.

"అవును చిన్నాయనా. నీ పథ్యంతోనే బతికినాయి. అందరూ విన్నారు."

"మల్ల!"

"చేపలు బతికి వలకొచ్చినాయి గదా?"

"వచ్చినాయి గదే, కండ్లు లేవా?"

"అయితే నా కాలేజీ?"

చిన్నాయన చేతుల్లో చేపలు రెండూ కొట్టుకుంటున్నాయి. ఒకసారి వాటి వైపు చూశాడు, ఒకసారి ఊరి వైపు చూశాడు. బతకలేదని అనలేడు, ఇప్పుడే కదా బతికాయని అరిచింది. బతికింది నా చదువు వల్ల కాదు గదా అని అడ్డం తిరగవచ్చు, కానీ పందెం బతకడం మీదే తప్ప, ఎవరివల్ల అన్నదాని మీద కాదు. మా నాయన గట్టు మీద మట్టిబెడ్డలు తీసి అవతల వేస్తున్నాడు. ఆయన సంతోషం ఎప్పుడూ అట్లాగే ఉండేది.

"పోనీలేప్పా, పంపండి" అన్నాడు చిన్నాయన చివరికి. "ఇది ఇంట్లో ఉంటే జేజి దగ్గర ఈ వైద్యం గూడా నేర్చుకుంటాది. ఇంగోసారి పథ్యముండేకి నా చేత కాదు." రెండు చేపలనూ మా అమ్మ చేతిలో పెట్టి, "చింతపండు ఎక్కువెయ్ వదినా" అని మాత్రం అన్నాడు.

ఆ వారమే మాస్టారి దగ్గరికి పోయి నోటుబుక్కు చూపించాను. ఆయన బంతి మర్యాద దాకా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ప్రయోగం పోయింది. చేపలు మిగిలాయి. ఎక్కువమందికి దీనికి తలకిందులుగా జరుగుతుందమ్మా" అన్నారు.

వేసవి సెలవుల్లో చెల్లెలు కాలేజీ దరఖాస్తు నింపుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. జువాలజీ అని రాస్తుందని ఎదురుచూస్తున్నాను. లెక్కలు అని రాసింది.

"ఎందుకే? మన చేపలు..."

"లెక్కలే నయం అక్కా" అంది, సిరా ఆరడానికి కాగితం మీద ఊదుతూ. "ఈ పక్క ఏం చేస్తే ఆ పక్కా అదే చేయాల. జేజి ఒప్పుకునే చదువు అదొక్కటే."